గుంటూరు కొత్తపేటలో పిల్లల కంటి పరీక్ష: నాలుగు నెలల అనుభవం మీద ఒక సమీక్ష

మా మనవరాలికి ఏడేళ్లు. తన ఎడమ కన్ను సరిగా చూడటం లేదన్న సంగతి ఆ పిల్లకు తెలియదు, మా అబ్బాయికీ కోడలికీ తెలియదు, 31 సంవత్సరాల పాటు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెబుతూ పిల్లల ముఖాలే చూస్తూ గడిపిన నాకూ తెలియలేదు. గత మే నెల నుంచి ఇప్పటివరకు మేము మూడుసార్లు వెళ్లిన కొత్తపేటలోని ఒక పిల్లల కంటి క్లినిక్ గురించీ, అంతకుముందు వెళ్లి వచ్చిన ఒక కళ్లజోళ్ల దుకాణం గురించీ నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను. రెండింటి పేర్లూ రాయటం లేదు. మెచ్చుకున్నది ప్రకటనగానూ, తప్పుపట్టింది నిందగానూ మారటం నాకు ఇష్టం లేదు. పైగా పిల్లను ఎక్కడికి తీసుకువెళ్లినా అక్కడ ఏమేమి గమనించాలో తెలిస్తే చదివేవారికి పేరు కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

విషయం బయటపడింది కుంకుడుకాయ రసం వల్ల. ఒక ఆదివారం మా ఆవిడ మనవరాలికి తలంటు పోస్తుండగా కుడి కంట్లో రసం పడింది. పిల్ల ఆ కన్ను అరచేత్తో గట్టిగా మూసుకుని ఏడుస్తూ వచ్చి హాల్లో మంచం మీద కూర్చుంది. ఏడుపు మాన్పించటానికి నేను గోడమీది క్యాలెండరు చూపించి, "బడి తెరవటానికి ఇంకా ఎన్నాళ్లుందో లెక్కపెట్టు, ఇవాళ ఎన్నో తారీఖు?" అన్నాను. మంచానికీ ఆ గోడకీ మధ్య పదడుగులు ఉంటుంది. "కనబడట్లేదు తాతయ్యా" అంది. మంట వల్ల అనుకున్నాం. సాయంత్రం మంట తగ్గాక, ఎందుకో మనసు ఊరుకోక, అదే మంచం మీద కూర్చోబెట్టి కుడి కన్ను నా చేత్తో మూసి మళ్లీ అడిగాను. అక్కడ అంకె ఏదో ఉందని తెలుస్తోంది గాని అది మూడో ఎనిమిదో చెప్పలేకపోయింది. చెయ్యి తీయగానే తారీఖుతో పాటు దాని కింద సన్నటి అక్షరాల్లో ఉన్న తిథి కూడా చదివేసింది. "ఆ కన్ను ఎప్పుడూ అంతే కదా" అని కూడా అంది, లోకంలో అందరికీ ఒక కన్ను అలాగే ఉంటుందన్నట్టు.

చూపు మందగించిన పిల్లలను గుర్తుపట్టటం నాకు చేతకాని పనేమీ కాదు. నల్లబల్ల మీద రాసినదాన్ని పక్కవాడి నోటుపుస్తకంలోంచి ఎక్కించుకునేవాళ్లు, కళ్లు చిట్లించి నుదురు ముడిచి చూసేవాళ్లు, ఏదో ఒక వంకతో లేచి బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు, మధ్యాహ్నానికల్లా తలనొప్పి అనేవాళ్లు, బంతి ముఖం మీదికి వచ్చేదాకా చేతులు ఎత్తనివాళ్లు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరైనా ఉండేవారు. తెలుగు చెప్పేవాడికి ఇంకొక ఆధారం కూడా దొరుకుతుంది. మన లిపిలో కొన్ని అక్షరాల మధ్య తేడా ఒక చుక్క మాత్రమే, కొన్నింటి మధ్య ఒక చిన్న మెలిక మాత్రమే. థ కడుపులో చుక్క ఉంటుంది, ధ కడుపులో ఉండదు. గుడికీ గుడి దీర్ఘానికీ తేడా కొసన ఉండే మెలిక. పాఠ్యపుస్తకం చూసి 'కథ' అని సరిగా రాసే పిల్లవాడు, బల్ల మీద నుంచి ఎక్కించుకున్నప్పుడల్లా 'కధ' అని రాస్తుంటే అది భాషలో తప్పు అనుకోకూడదు, దూరపు చూపును అనుమానించాలి. అలాంటి పిల్లల తల్లిదండ్రులను పిలిపించి కంటి డాక్టరు దగ్గరికి పంపిన సందర్భాలు నాకు ఉన్నాయి. విషయం అర్థం కాక ముందు వాళ్లను మందలించిన సందర్భాలూ ఉన్నాయి.

అయితే ఈ గుర్తులన్నీ రెండు కళ్లకూ హ్రస్వదృష్టి, అంటే మనం మామూలుగా 'సైటు' అనేది, వచ్చిన పిల్లల్లో కనిపించేవి. మా మనవరాలు టీవీకి దూరంగానే కూర్చునేది, చివరి వరస నుంచి కూడా బల్ల మీదిది చదివేది, తలనొప్పి అని ఒక్కనాడూ అనలేదు. ఒక కన్ను నిక్షేపంగా చూస్తున్నప్పుడు రెండో కంటి లోటు దాని చాటున దాక్కుంటుంది. తరువాత తీరిగ్గా ఆలోచిస్తే ఒకటి రెండు గుర్తుకు వచ్చాయి: జగ్గుతో నీళ్లు పోసేటప్పుడు గ్లాసు అంచు మీద పోసేది, చీకట్లో కాక పట్టపగలే మెట్ల దగ్గర కాలితో తడుముకునేది. దూరాన్నీ లోతునూ అంచనా కట్టటానికి రెండు కళ్లూ కలిసి పనిచేయాలి కాబట్టి ఇలా జరుగుతుందట. మేము దాన్ని దుడుకుతనం అనుకుని కేకలేశాం.

మరునాడే బ్రాడీపేటలో 'కంప్యూటర్ కంటి పరీక్ష ఉచితం' అని బోర్డు ఉన్న ఒక కళ్లజోళ్ల దుకాణానికి తీసుకువెళ్లాను. అక్కడి కుర్రవాడు మర్యాదస్థుడే. యంత్రం ముందు గడ్డం ఆనించమన్నాడు, లోపల రోడ్డు చివర రంగుల గాలిబుడగ బొమ్మ కనబడుతుంది, పిల్లకు ముచ్చటేసింది. అరనిమిషంలో చీటీ వచ్చింది: కుడి కన్ను మైనస్ 0.25, ఎడమ కన్ను ప్లస్ 1.75. తరువాత గోడమీది అక్షరాలు చదవమని, "పాపా, చేత్తో ఒక కన్ను మూసుకో" అన్నాడు. పిల్ల మూసుకుంది, రెండు కళ్లతోనూ చివరి వరస దాకా గడగడా చదివింది. "చూపు బ్రహ్మాండంగా ఉంది మాస్టారూ, ఉన్నది చిన్న నంబరే, అద్దాలు అక్కర్లేదు" అన్నాడు. అమ్మకం పోయినా ఆ మాట అన్నాడు కాబట్టి అతని నిజాయితీని శంకించను. కాని క్యాలెండరు దగ్గర చదవలేని పిల్ల ఇక్కడ ఎలా చదివిందో నాకు అంతుబట్టలేదు. ఇంటికి వస్తూ స్కూటరు మీద అడిగితే చెప్పింది: "వేళ్ల మధ్యలోంచి చూశాను కదా!"

ఇందులో నన్ను నేనే తప్పుపట్టుకోవాలి. 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన కంటి వెలుగు పథకం తొలి విడత పరీక్షలు బడిపిల్లలకే జరిగాయి. అప్పటికి నేను ఉద్యోగంలోనే ఉన్నాను, మా బడిలో పిల్లలను వరసలో నిలబెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని. అరచేత్తో కన్ను మూసుకున్న పిల్లలు వేళ్ల సందుల్లోంచి తొంగిచూస్తారేమో గమనించాలన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు.

కొత్తపేట క్లినిక్‌లో నాకు మొట్టమొదట నచ్చింది ఈ చిన్న విషయమే. అక్కడ పిల్లల చేతికి కన్ను అప్పగించరు. అంటుకునే కాగితపు పట్టీతో ఒక కన్ను పూర్తిగా మూసి, ముక్కు పక్కన సందు లేదని వేలితో తడిమి చూసి, అప్పుడు చదివిస్తారు. అంతకుముందే పరీక్షకురాలు పావుగంట సేపు ప్రశ్నలు అడిగింది. పాప నెలలు నిండి పుట్టిందా, పుట్టినప్పుడు బరువెంత, ఇంక్యుబేటరులో పెట్టారా, ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడే అద్దాలు వచ్చాయా, మెల్లకన్ను ఉందా, పుస్తకం చదివేటప్పుడు తల ఒక పక్కకు వంచుతుందా, ఎండలోకి రాగానే ఒక కన్ను మూస్తుందా అని అడిగి, చివరికి మా కోడలి ఫోనులో పాత ఫొటోలు చూపించమంది. పిల్ల రెండో పుట్టినరోజు నాటి ఫొటోలు వేళ్లతో పెద్దవి చేసి, రెండు కనుపాపల మీదా వెలుగు చుక్క ఒకే చోట పడుతోందా అని చూసింది. ఇన్నేళ్లూ ఆ ఫొటోలు చూసి మేము మురిసిపోయామే గాని అలా చూడలేదు.

మా ముందు వరసలో ఒక మూడేళ్ల పిల్లవాడు ఉన్నాడు. అక్షరాలు రాని వయసు. అతనికి ఆపిల్, ఇల్లు, వలయం, చతురస్రం బొమ్మలున్న కార్డులు చూపించారు. ఫిన్లాండుకు చెందిన కంటి వైద్యురాలు లియా హైవరినెన్ రూపొందించిన బొమ్మలు ఇవి. చూపు అందని దూరంలో నాలుగూ ఒకేలా గుండ్రంగా అలికినట్టు కనబడేలా గీసి ఉంటాయి కాబట్టి పిల్లవాడు ఊహించి చెప్పటానికి వీలుండదు. ఆ అబ్బాయి ఇంటిని 'గుడి' అన్నాడు, ఆపిల్‌ను 'టమాటా' అన్నాడు. తల్లి సరిదిద్దబోతే పరీక్షకురాలు వారించింది. ఏ పేరు పెట్టినా చివరిదాకా అదే పేరు పెడితే చాలునట. కాసేపటికి వాడికి మాటలు విసుగొచ్చి నోరు విప్పకపోతే, ఒళ్లో అవే బొమ్మలున్న అట్ట పెట్టి, దూరాన చూపించినదాన్ని వేలితో తాకమంది. పిల్లవాడు ఆటనుకుని ఆడాడు. మాట్లాడని పిల్లలకు పరీక్ష చేయలేమనే మాట ఇకపై ఎవరు చెప్పినా నేను నమ్మను.

మా మనవరాలి వంతు వచ్చింది. కుడి కన్ను 6/6. ఎడమ కన్ను 6/36 దగ్గర ఆగిపోయింది. అంటే మామూలు చూపు 36 మీటర్ల దూరం నుంచి పోల్చుకోగల అక్షరాన్ని ఆ కన్ను 6 మీటర్ల దగ్గరికి వస్తే తప్ప పోల్చుకోలేదన్నమాట. ఇక్కడ ఒక పంతులు ఫిర్యాదు: వాళ్లు వాడే తెలుగు పటంలో ఒకే వరసలో ర, ఖ పక్కపక్కన ఉన్నాయి. ర ఉత్త వలయం, ఖ మెలికల పుట్ట. ఒక వరసలోని అక్షరాలన్నీ దాదాపు సమానమైన కష్టంతో ఉండాలన్న సూత్రం అక్కడ పాటించలేదు. చెబితే డాక్టరమ్మ నవ్వి, అందుకే సందేహం వచ్చినప్పుడు బొమ్మలతో మళ్లీ సరిచూస్తామని అన్నారు.

తరువాత చుక్కలు. పిల్లల కంటి పరీక్షలో అసలు కీలకం ఇదేనని నాకు ఇప్పుడు అర్థమైంది. పిల్లల కంటిలోని కటకం మెత్తగా ఉంటుంది, దాన్ని బిగించే కండరం చురుగ్గా ఉంటుంది. యంత్రంలోకి చూస్తున్నంతసేపూ పిల్ల తెలియకుండానే ఆ కండరాన్ని బిగించి తన ప్లస్ నంబరులో కొంత దాచేస్తుంది. చుక్కలు వేసి ఆ కండరాన్ని కాసేపు పడుకోబెట్టాక, చీకటి గదిలో డాక్టరమ్మ చేతిలోని సన్నటి వెలుగు గీతను కంటిలో అటూ ఇటూ ఆడిస్తూ అద్దాలు మార్చి మార్చి లెక్క తీశారు: కుడి ప్లస్ 1.25, ఎడమ ప్లస్ 4.75. బ్రాడీపేట చీటీతో పక్కపక్కన పెట్టి చూస్తే ఎడమ కంటిలో మూడు నంబర్లు దాగి ఉన్నాయి. యంత్రం అబద్ధం చెప్పలేదు. బిగించి ఉన్న కంటిని కొలిచింది, అంతే. పిల్లలకు చుక్కలు వేయకుండా నంబరు రాసి ఇచ్చే చోట అద్దాలు చేయించకపోవటం మంచిది.

చుక్కల దగ్గర చిన్న ఇబ్బంది ఉంది. అవి మండుతాయి. పది నిమిషాలకొకటి చొప్పున మూడుసార్లు వేశారు, మొదటిదానికే పిల్ల గోల పెట్టింది, మిగిలిన రెండింటికీ మా అబ్బాయి చేతులు పట్టుకోవలసి వచ్చింది. కనుపాపలు పెద్దవై మరునాటి దాకా వెలుగు భరించలేకపోయింది, దగ్గరి అక్షరాలు అలుక్కుపోయాయి. గుంటూరు మే నెల ఎండలో టోపీ, గొడుగు లేకుండా ఈ పరీక్షకు వెళ్లటం తెలివితక్కువ పని. ఈ సంగతి అపాయింట్‌మెంటు ఇచ్చేటప్పుడే ఫోనులో చెప్పి ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ జబ్బు పేరు రాసి, తెలుగులో 'మందదృష్టి' అనుకోండి అన్నారు. మామూలు మాటల్లో సోమరి కన్ను. ఎడమ కంటి బొమ్మ ఎప్పుడూ అలికినట్టుండటంతో, ఎదిగే వయసులో మెదడు స్పష్టంగా ఉన్న కుడి కంటి బొమ్మనే తీసుకుని రెండోదాన్ని పక్కన పెట్టేసింది. అందుకే అద్దం పెట్టిన వెంటనే చూపు పూర్తిగా రాదు, మెదడుకు ఆ కంటిని మళ్లీ అలవాటు చేయాలి. చిన్న వయసులో మొదలుపెడితే ఫలితం బాగుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ కష్టమవుతుంది. మా ఆవిడ వారానికి రెండుసార్లు పొన్నగంటి కూర వండుతోందని చెప్పాను. విటమిన్ ఏ లోపంతో వచ్చే రేచీకటి రాకుండా ఆకుకూరలు మేలు చేస్తాయిగాని కంటి నంబరును అవి మార్చలేవని ఆమె ఓపికగా చెప్పారు. ఆ ఓపికకు నేను పూర్తి మార్కులు వేస్తాను. మెల్లకన్ను అదృష్టమని ఊరుకున్న ఒక తాతగారికి కూడా అదే ఓపికతో, కంటి అదృష్టం సంగతి ఏమోగాని ఆ కన్ను చూపు కోల్పోతోందని చెప్పటం విన్నాను.

వేచి ఉండే గదిలోని పోస్టరు గురించి రాయకుండా ఉండలేను. తల్లిదండ్రులు ఏ గుర్తులు చూడాలో చెప్పే పోస్టరు అది, విషయం మంచిదే, తెలుగు మాత్రం ఎవరో యంత్రంతో మార్పించినట్టుంది. 'మీ బిడ్డ స్క్వింట్ చేస్తున్నాడా?' అని ఉంది. మన డాక్టర్ల వాడుకలో స్క్వింట్ అంటే మెల్లకన్ను; పోస్టరు అడగదలచింది కళ్లు చిట్లించటం గురించి. ఒకటి నల్లగుడ్డు పక్కకు తిరగటం, రెండోది సరిగా కనబడక రెప్పలు దగ్గరికి నొక్కటం. చదివిన తల్లి మా వాడికి మెల్ల లేదు కదా అని నిశ్చింతగా వెళ్లిపోతుంది. అన్నింటికన్నా అత్యవసరమైన గుర్తు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో గాని, మసక వెలుతురులో గాని కనుపాప తెల్లగా మెరిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. అది శుక్లం కావచ్చు, కంటిలో పెరిగే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సరు కావచ్చు. పసిబిడ్డ కళ్లు మామూలు కన్నా పెద్దవిగా ఉండి ఎప్పుడూ నీరు కారుతూ వెలుగు చూడలేకపోతే అది నీటికాసులు (గ్లాకోమా) కావచ్చునన్న మాట కూడా అక్కడే ఉంది. ఇక 34 వారాలు నిండకముందు గాని, 2 కిలోల లోపు బరువుతో గాని పుట్టిన బిడ్డకు పైకి ఏ గుర్తూ లేకపోయినా నెలరోజుల లోపు రెటీనా పరీక్ష జరగాలన్న విషయం పోస్టరులో అసలు లేదు. ఉండవలసింది.

క్లినిక్‌కు అనుబంధంగా ఉన్న కళ్లజోళ్ల కౌంటరు మీద నా అభిప్రాయం రెండు రకాలుగా ఉంది. పని తెలిసినవాళ్లే. ప్లస్ అద్దం మధ్యలో లావుగా ఉంటుంది కాబట్టి పిల్ల కోరిన వెడల్పాటి ఫ్రేము వద్దని, చిన్న గుండ్రటి ఫ్రేము తీసుకుంటే అద్దం పలచనవుతుందని నచ్చజెప్పారు. పగిలినా గుచ్చుకోని పాలీకార్బనేట్ అద్దాలే ఇచ్చారు, జారకుండా చెవుల వెనక సాగే తాడు వేశారు. అంతవరకు బాగుంది. ఆ తరువాత 'బ్లూ కట్' పూత కోసం మరో 900 రూపాయలు పెట్టమని పట్టుపట్టారు, అది లేకపోతే ఫోను వెలుగుకు పిల్ల కళ్లు పాడవుతాయన్నట్టు మాట్లాడారు. నీలి వెలుగును ఆపే అద్దాల వల్ల కంప్యూటరు వాడేవారి కంటి అలసట తగ్గకపోవచ్చునని వైద్య పరిశోధనలన్నింటినీ కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ సమీక్ష 2023లో తేల్చింది. ఆ మాట అన్నాక వదిలేశారు. తెలియని తల్లిదండ్రులైతే కట్టి ఉండేవారు. జోడు ఖరీదు 2,300 రూపాయలు.

మొదటి ఎనిమిది వారాలు జోడు మాత్రమే. రెండోసారి వెళ్లినప్పుడు ఎడమ కన్ను 6/24కు వచ్చింది. అప్పుడు రోజుకు రెండు గంటలు కుడి కన్ను మీద పట్టీ వేయమన్నారు. పట్టీ వేసిన మొదటి రోజు పిల్ల బిక్కమొహం వేసుకుని గోడ పట్టుకుని నడిచింది. ఆ రెండు గంటలూ దగ్గరి పని చేయించమన్నారు కాబట్టి మా ఆవిడ చేటలో కందిపప్పు పోసి రాళ్లు ఏరమంది, కనకాంబరాలు మాల కట్టమంది. మొదటి వారం మాలలో పూల కన్నా దారమే ఎక్కువ కనబడేది. ఇప్పుడు దగ్గర దగ్గరగా కడుతోంది. పట్టీలు మాత్రం గుంటూరు చెమటకు అరగంటలో ఊడిపోతున్నాయి, బుగ్గమీద ఎర్రగా కందుతోంది. పెట్టె 400 రూపాయలు పెట్టి కొన్న వస్తువు ఇలా ఉండకూడదు. బడిలో 'ఒక కన్ను పెద్దది' అని వెక్కిరించారు, ఎడమ అద్దం వల్ల ఆ కన్ను నిజంగానే పెద్దదిగా కనబడుతుంది. జోడును సంచిలో దాచిపెట్టటం మొదలుపెట్టింది. తరగతి ఉపాధ్యాయురాలితో నేనే వెళ్లి మాట్లాడి వచ్చాను.

క్లినిక్ మీద నా అసలు ఫిర్యాదు వేచి ఉండటం గురించే. పది గంటలకు రమ్మంటే లోపలికి పిలిచింది ఒంటిగంటకు. చుక్కలు వేసిన పిల్లలను కిటికీ వెలుగు నేరుగా పడే బెంచీల మీద కూర్చోబెడతారు. ఒక తెర కట్టిస్తే సరిపోయే పని. సందులో స్కూటరు పెట్టటానికే చోటు లేదు, ఆటోలో వెళ్లటం మేలు. ఫీజు 400 రూపాయలు, నెల లోపు మళ్లీ చూపిస్తే తీసుకోరు, కాని వాళ్లు రమ్మనేది ఎనిమిది వారాలకు కాబట్టి ఆ సౌకర్యం మాకు అక్కరకు రాలేదు. ఖర్చు భరించలేనివారికి ఇతర మార్గాలు చెప్పే కాగితం కూడా అక్కడ లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లల చూపు కూడా పరీక్షిస్తారు; గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది; పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి, విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ప్రాంగణం ఉన్నాయి.

మూడో పరీక్ష మొన్న శనివారం జరిగింది. ఎడమ కన్ను 6/18. పట్టీ ఇంకా కొనసాగించమన్నారు, చర్మం కందకుండా జోడు అద్దం మీదే తొడిగే గుడ్డ తొడుగు వాడి చూడమన్నారు, అయితే దాని పక్కల్లోంచి తొంగిచూడకుండా కాపలా కాయాలని హెచ్చరించారు. మా మనవరాలి సంగతి వాళ్లకు తెలిసిపోయింది. తరువాతి పరీక్ష రెండు నెలలకు; ఈసారి ఉదయం ఎనిమిదికే మా అబ్బాయిని పంపి మొదటి టోకెన్ తీయిద్దామనుకుంటున్నాను.